వార్షిక నివేదిక: నర్సింగ్ విద్యార్థులకు మందుల పాఠాలు

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మందుల పాఠాల పద్ధతి ఎందుకు మార్చామో మీకు తెలిసిందే. నిరుటి దాకా మనం చెప్పాం, విద్యార్థులు రాసుకున్నారు, పరీక్ష కాగానే మర్చిపోయారు. చదివింది ఎంత త్వరగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. అందుకే ఈ ఏడాది పాఠం తగ్గించి ప్రశ్నలు పెంచాం. పుస్తకం మూసి జవాబు చెప్పాలి. అదే ప్రశ్న మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ అడిగాం. మందుల్ని గుంపులుగా నేర్పాం. పేరు చివర ‘ఓలాల్’ ఉంటే అది గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మందు, ఇచ్చేముందు పల్స్, బీపీ చూడాలి. ‘ప్రిల్’ ఉంటే అదీ బీపీ మందే, పొడి దగ్గు వస్తోందా, పొటాషియం పెరిగిందా అని గమనించాలి.

సెప్టెంబర్ 17న, ప్రపంచ రోగి భద్రతా దినం నాడు, హాలులోనే వార్డు పెట్టాం. మంచాలు, కేస్ షీట్లు, మందుల ట్రాలీ అన్నీ అమర్చాం. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ కేసు దగ్గర ఒక అమ్మాయి తర్వాతి డోసు ఇవ్వకుండా ఆగింది. మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, యూరిన్ చూసింది. రిఫ్లెక్స్ లేదని, అంటే మందు ఎక్కువైందని తెలియగానే డాక్టర్‌కు కబురు పెట్టి, విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేసుకుంది. ఇంకో అమ్మాయిని పొటాషియం క్లోరైడ్ నేరుగా ఐవీ పుష్, అంటే సిరలోకి ఒక్కసారిగా, ఇమ్మని డాక్టర్ వేషంలో ఉన్న మన సభ్యుడు గద్దించారు. “ఇవ్వను సార్, గుండె ఆగిపోతుంది. డైల్యూట్ చేసి డ్రిప్‌లో నెమ్మదిగా ఇవ్వాలి” అంది. హాలంతా చప్పట్లు! మన సంఘం ఇంతవరకూ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించింది ఇదే.

ప్రశ్న కార్డులన్నీ చేత్తో రాసిన రిటైర్డ్ సిస్టర్లకు, వాటిని సరిచూసిన ఫార్మసిస్టులకు, గంటల తరబడి పేషెంట్లుగా పడుకున్న సభ్యులకు, హాలు సర్దిన సిబ్బందికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక మాట చెప్పక తప్పదు. పేర్లిచ్చిన వాలంటీర్లు చాలామంది మొదటి వారం తర్వాత కనిపించలేదు. డ్యూటీలు మారతాయని నాకూ తెలుసు. రాలేమని ఒక్క ఫోన్ చేస్తే వేరేవాళ్లను పంపేవాళ్లం. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన విద్యార్థులు ఎవరూ లేక తిరిగి వెళ్లిపోయారు. ఒక కళాశాల అధికారులైతే మన అనుమతి ఉత్తరాలకు ఏడాదంతా జవాబే ఇవ్వలేదు.

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆమోదించగలరు.

వచ్చే ఏడాది పిల్లల బరువును బట్టి డోసు ఎలా లెక్కకట్టాలో నేర్పడం మొదలుపెడతాం. పిల్లల వార్డులో చేసినవాళ్లు తప్పకుండా కావాలి. వారం వారం రాగలిగినవాళ్లే సభ ముగిసేలోగా నాకు పేర్లివ్వండి.

— కార్యదర్శి