వరల్డ్స్‌లో స్విస్ రౌండ్ ఎలా నడుస్తుందంటే

ఫ్రెండ్స్, "ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికేనా?" అని మొన్న కొందరు అడిగారు. కాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్స్‌లో 2023 నుంచి స్విస్ పద్ధతి ఉంది. 16 జట్లు. మూడు గెలిస్తే క్వార్టర్ ఫైనల్స్‌కి, మూడు ఓడితే బయటికి. ప్రతి రౌండ్‌లో సమానమైన గెలుపోటములున్న జట్లే తలపడతాయి. 1-0తో (ఒక గెలుపు, ఓటమి లేదు) ఉన్నవాళ్లకు 1-0 జట్టే ఎదురొస్తుంది. మామూలుగా ఒక్క గేమే, కానీ పైకి వెళ్లడమో ఇంటికి వెళ్లడమో తేలే మ్యాచ్‌లో మూడింట రెండు గెలవాలి. 2-2 మ్యాచ్‌ల టెన్షన్ అంతా ఇంతా కాదు, టోర్నీ మొత్తంలో నాకు అవే ఇష్టం! పాత గ్రూపుల పద్ధతిలో చివర్లో ఫలితంతో పనిలేని మ్యాచ్‌లు కొన్ని మిగిలేవి. ఇప్పుడు ఆ బాధ లేదు. క్వార్టర్స్ నుంచి ఐదు గేముల సిరీస్, అక్కడ ఓడితే మాత్రం ఇంటికే.