మర్రిగూడ నల్లా నీళ్ల గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లెకు చెందినవాణ్ణి. మా నాయనమ్మకు ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మెడ తిరిగేది కాదు. గోడ పట్టుకుని ఒళ్లంతా తిప్పి చూసేది. బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగుసుకుపోయిన తరం ఆమెది. అందువల్ల నల్లా నీళ్ల విషయంలో మా ఊళ్లకున్న పట్టింపు మిగతా ఊళ్లకంటే కొంచెం ఎక్కువే.

ఈ జబ్బు సంగతి ప్రభుత్వాలకు కొత్త కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో దీన్ని గుర్తించినట్టు 1937లోనే వైద్యులు ప్రకటించారు. 1970లలో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే విధానాన్ని రూపొందించి దానికి మా జిల్లా పేరే పెట్టారు. ‘నల్లగొండ పద్ధతి’ టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. అయితే దానికి రోజూ మోతాదు చూసి మందు కలిపే మనిషి, అడుగున పేరుకున్న మడ్డిని ఎత్తిపోసే మనిషి ఉండాలి. యంత్రం పెట్టినంత సులువుగా మనిషిని పెట్టడం మన వ్యవస్థకు ఎన్నడూ చేతకాలేదు.

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా మార్చింది ఈ నీళ్ల గోడు వినిపించడానికే. ఆ తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి గానీ, ముందు మా పక్కనున్న చింతపల్లి మండలం మీదుగా పెద్ద పైపుల్లో హైదరాబాద్‌కు వెళ్లాయి. ఆ మాట ఇప్పుడు తవ్వడం నా ఉద్దేశం కాదు. కాని ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం మరిచిపోలేదు. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు గారు పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథతో మా ఇంటి ముందుకు నల్లా వచ్చింది. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది ఆ పథకం లెక్క. అది నిజంగా పెద్ద పని, ఎవరు చేసినా ఒప్పుకోవాల్సిందే.

ఇక నా బాధ. పైనుంచి సరఫరా ఆగిన రోజుల్లో మా ఓవర్‌హెడ్ ట్యాంకులోకి పాత బోరు నీళ్లు ఎక్కిస్తున్నారు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. బిందె అడుగున తెల్లగా పొర కట్టినప్పుడు మేమే తెలుసుకుంటాం. అందుకే చాలా ఇళ్లవాళ్లు తాగడానికి ఫిల్టర్ నీళ్ల క్యాన్ కొనుక్కుంటున్నారు. కాని అన్నం, పప్పు మాత్రం నల్లా నీళ్లతోనే ఉడుకుతాయి. మరిగిస్తే క్రిములు చస్తాయేమో గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

వాల్వులు తిప్పే మా ఊరి మనిషిని అడిగితే ఆయన చెప్పేదీ న్యాయమే. పైనుంచి నీళ్లు రావు, కింద జనం ఊరుకోరు, జీతం మాత్రం నెలల తరబడి రాదు. ఆయన మీద కోపగించుకోవడానికి నాకు నోరు రాలేదు.

కొత్త పథకమేదీ అడగడం లేదు. ఫ్లోరైడ్ ఉన్న బోర్లను తాగునీటి ట్యాంకు నుంచి పూర్తిగా విడదీయించండి. వాటిని పశువులకూ వాడకానికీ వేరే పైపుతో ఇవ్వవచ్చు. సరఫరా ఆగే రోజున ముందుగా దండోరా వేయించండి, తాగేందుకు ట్యాంకర్ పంపించండి. వాల్వు తిప్పే వాళ్ల జీతం నెలనెలా అందేలా చూడండి. ట్యాంకు నీటిలోనూ, చివరి ఇంటి నల్లాలోనూ ఫ్లోరైడ్ ఎంత ఉందో, క్లోరిన్ ఎంత మిగిలిందో పరీక్షించి ప్రతి నెలా తేదీతో సహా జనానికి కనిపించేలా రాయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్న సంగతి మా ఊళ్లో బడి పిల్లలకూ తెలుసు కనుక, ఆ అంకెను చదువుకోవడానికి మాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. మా ట్యాంకు మీద పథకం పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని కింద జాగా చాలానే ఉంది.

ఇట్లు,
మర్రిగూడ మండల నివాసి