అడవి కూరల బుట్ట: ఈ ఏడాది ఏం మారుతోంది, ఎందుకు

అందరికీ నమస్తే. వానాకాలం కూరల బుట్ట ఈ ఆదివారం నుంచి మళ్లీ మొదలవుతోంది. ధర 250 నుంచి 320 రూపాయలకు పెంచుతున్నాం. ఇంకో సంగతి, ఫలానా కూరే కావాలని ముందుగా ఆర్డర్ పెట్టే పద్ధతి ఇక ఉండదు. ఆ వారం చేలో ఏది లేతగా దొరికితే అదే మీ ఇంటికి వస్తుంది. కిందటేడు చాలామంది "వరసగా గంగవాయిలి కూరే వస్తోంది, గునుగు ఎందుకు పంపడం లేదు" అని మెసేజ్ పెట్టారు. డబ్బు పెట్టి కొంటున్నారు, అడగాల్సిందే. అందుకే కారణం వివరంగా రాస్తున్నాను.

ఈ కూరలను ఎవరూ విత్తరు. మా జహీరాబాద్ వైపు చెలకల్లో జొన్న, కంది, పెసర కలిపి వేసినచోట వానలు పడగానే వాటంతట అవే మొలుస్తాయి. కలుపు తీసే ఆడవాళ్లు తినే కూరను ఒడిలో వేసుకుని, మిగతాది గట్టు మీద పడేస్తారు. మన బుట్ట నిండేది ఆ ఒళ్లోంచే. ఇక్కడి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఈ కూరల విలువ గురించి ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. పంటతో పాటు వచ్చే ఈ రెండో పంటను కలుపు అని కొట్టిపారేయడం నాకూ మనసొప్పదు.

ఇప్పుడు చుట్టుపక్కల చాలా చోట్ల గడ్డిమందు కొడుతున్నారు. కూలి ఖర్చు పెరిగి, మనుషులు దొరక్క రైతు ఆ పని చేస్తున్నాడు. అతన్ని తప్పు పట్టలేను. కానీ మందు పడిన చేలో గునుగు, తుమ్మి, గంగవాయిలి అన్నీ మాడిపోతాయి. మాడకుండా మిగిలినదాన్ని కూడా మేం ముట్టుకోం. పక్క చేలో కొట్టినప్పుడు గాలికి ఇటు పడుతుంది కాబట్టి ఆ వైపు గట్టు కూడా వదిలేస్తాం. దాంతో కూర కోసే అక్కలు ఎక్కువ దూరం నడవాల్సి వస్తోంది. పెంచిన 70 రూపాయల్లో 50 వాళ్ల చేతికే వెళ్తాయి, మిగతా 20 ఆటో ఖర్చుకు.

గునుగు ఎప్పుడు పంపుతామో కూడా చెప్పాలి. కంకి వేయకముందే కోయాలి. కొసను రెండు వేళ్లతో వంచితే టక్కున విరగాలి. నార సాగిందంటే ఆ మొక్కను పువ్వు కోసం వదిలేయడమే. లేత ఆకును పెసరపప్పులో వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టండి, ఇంకేం అక్కర్లేదు. గంగవాయిలికి దాని పులుపు దానికే ఉంటుంది, పొద్దున్నే కోసిన కూరలో ఇంకాస్త ఎక్కువ. పప్పులో చింతపండు బాగా తగ్గించి చూడండి.

పొన్నగంటి మాత్రం బుట్టలో ఉండదు. అది తడి ఉన్నచోట పెరిగే మొక్క. మాకు దగ్గర్లో దొరికేదంతా మురుగుకాల్వల పక్కనే. పుట్టగొడుగులు కూడా అమ్మం. మంచిదీ విషపుదీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, ఆ టెన్షన్ మాకూ వద్దు, మీకూ వద్దు.

బోడకాకర విడిగా, దొరికినప్పుడు. ధర ఎక్కువే, తగ్గించమని అడగొద్దు. ఆ తీగ ఏటా వానలకు భూమిలోని గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. ఆడ తీగ, మగ తీగ వేరువేరు. కాయ కాయడం లేదని మగ తీగను పీకేస్తే ఆడ తీగకు కాయ నిలవదు. ఈ సంగతి తెలిసి, గడ్డ జోలికి పోకుండా కాయ మాత్రమే కోసుకొచ్చే వాళ్ల దగ్గరే తీసుకుంటున్నాం.

ఇక వినాయక చవితి. తుమ్మికూర, పత్రి రెండూ ఇస్తాం కానీ ఒకే సంచిలో పెట్టం. మీరు ఇంటికెళ్లి కూడా కలపొద్దు. పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉంటాయి, మూడూ విషమే. కూరలో ఒక్క ఆకు పడినా ప్రమాదం. అందుకే కూర కాగితం సంచిలో, పత్రి ఎర్ర దారం కట్టిన గుడ్డ సంచిలో వస్తుంది. పూజ అయ్యాక పత్రిని పిల్లలకు, పశువులకు అందనిచోట వేయండి. మరో మాట, 21 రకాలూ ఇస్తామని మేం చెప్పడం లేదు. దేవదారు హిమాలయాల చెట్టు, మా చెలకల్లో ఎక్కడ దొరుకుతుంది? ఏదో ఒక కొమ్మ కట్టి దానికి దేవదారు అని పేరు పెట్టడం మాకు ఇష్టం లేదు. దొరికిన రకాలకు పేరు రాసిన చీటీ కట్టి ఇస్తాం.

బతుకమ్మ పూల విషయానికి వస్తే, తంగేడు ఈసారి తక్కువే ఉంటుంది. మార్కెట్ కోసం కొమ్మలకు కొమ్మలు నరికేస్తున్నారు. మనవాళ్లు పూగుత్తి వరకే తుంచుతారు, కొన్ని గుత్తులు కాయ కట్టి గింజ రాలడానికి చెట్టుకే వదిలేస్తారు. గునుగు గట్ల మీద కావలసినంత ఉంది. రంగులో ముంచిన గునుగు అడిగారు కొందరు, అది అమ్మం. చివరికి చెరువులో కలిసే పువ్వుకు రసాయనాల రంగు వేయడం నాకు నచ్చదు. తెల్లగా, కొసన గులాబీ ఛాయతో ఉన్న గునుగే ఎంతో బాగుంటుంది. పండగ తర్వాత మిగిలిన కట్టను తలకిందులుగా నీడలో వేలాడదీయండి. ఎండాక కూజాలో పెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది.

తంగేడు త్వరగా వాడిపోతుంది కాబట్టి ఎంగిలిపూల రోజుకు, సద్దుల రోజుకు మాత్రమే పంపుతాం. మధ్య రోజుల్లో గునుగు, కట్లపూలు ఉంటాయి. తంగేడు ఆ రెండు రోజుల్లో ఎప్పుడు కావాలో చవితి లోపు చెప్పండి. ఇంటికి ఒక్క రోజుకే ఇవ్వగలం.