మాక్ టెస్టు అయిపోయాక ఏం చేయాలో చెప్పేవారేరీ?

సంపాదకులకు నమస్కారం.

ముషీరాబాద్‌లో మా నాన్నకు బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. మీ పత్రికను మేం ఇంట్లో చదివేశాక, మర్నాడు నాన్న దాన్ని షెడ్డులో పరిచి మీద కార్బొరేటర్ విప్పి పెడతాడు. మొన్న అలా పరిచిన పేజీలో ఒక కోచింగ్ సెంటర్ ప్రకటన కనిపించింది. విదేశాల్లో ఎంఎస్ లాంటి పై చదువులకు రాసే జీఆర్ఈ పరీక్షలో 340కి 330 దాటిన పిల్లల ఫొటోలు, వరసగా. 309 దగ్గర ఐదు వారాలు ఇరుక్కుపోయిన నాలాంటివాళ్ల ఫొటోలు ఎవరూ వేయరు కదా. అందుకే ఈ ఉత్తరం.

నేను 2021లో బీటెక్ పూర్తిచేసి హబ్సిగూడలో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఎంఎస్‌కు వెళ్దామని అమీర్‌పేటలో వీకెండ్ బ్యాచ్‌లో చేరాను. శని, ఆదివారాలు ముషీరాబాద్‌లో మెట్రో ఎక్కడం, పరేడ్ గ్రౌండ్‌లో దిగి రైలు మారడం. పాఠాలు బాగానే చెప్పారు, ఆ మాట దాచడం న్యాయం కాదు. చిక్కంతా పాఠాలు అయిపోయాక మొదలైంది. మొదటి రెండు మాక్ టెస్టుల్లో, అంటే నమూనా పరీక్షల్లో, 309, 310 వచ్చాయి. సార్‌ను అడిగితే, ‘ఇంకో రెండు రాయమ్మా, అదే పెరుగుతుంది’ అన్నారు. రాశాను. 308, 309. లెక్కల భాగమైన క్వాంట్ 161 చుట్టూ, ఇంగ్లిష్ భాగమైన వెర్బల్ 148 చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాయి. పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ టెస్టులనైతే చేరిన పది రోజుల్లోనే, ఏమీ రాని రోజుల్లోనే రాసి పారేశాను. ఆ తెలివితక్కువ పని నాదే, ఎవరినీ అనను.

ఒకరోజు రాత్రి అన్నం దగ్గర నా మొహం చూసి నాన్న విషయం అడిగాడు. చెప్పాను. ‘బండి స్టార్ట్ కాకుంటే కిక్కు కొట్టుకుంట కూసుంటమా బిడ్డా? ప్లగ్గు ఇప్పి చూస్తం గద’ అన్నాడు. నాన్న పదో తరగతి దాటలేదు. నేనేమో కంపెనీలో తప్పులు పట్టినందుకే జీతం తీసుకుంటున్నాను!

మర్నాటి నుంచి మూడు వారాలు ఒక్క టెస్టూ రాయలేదు. ఆఫీసు అయ్యాక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లేదాన్ని. చుట్టూ గ్రూప్స్‌కు చదివేవాళ్లు, మధ్యలో నేను. నాలుగు టెస్టుల్లో క్వాంట్‌లో తప్పిన 31 లెక్కలను జవాబులు చూడకుండా, గడియారం పెట్టుకోకుండా మళ్లీ చేశాను. 25 సరిగ్గా వచ్చేశాయి. అంటే నాకు నిజంగా రానివి ఆరే. వాటికోసం నేను ఐదు వారాలు మొత్తం సిలబస్ తిరగేస్తూ కూర్చున్నానన్నమాట.

మిగతావి ఎందుకు తప్పాను? మొదట్లో ప్రతిదాని పక్కనా ‘తొందరపడ్డాను’ అని రాసుకున్నాను. అలా రాస్తే ఏమీ తెలియలేదు. తర్వాత ‘ఎక్స్ పూర్ణాంకమని నాకు నేనే అనుకున్నాను’ అని రాయడం మొదలుపెట్టాక అసలు రోగం బయటపడింది. రెండు విలువల్లో ఏది పెద్దదో చెప్పమనే ప్రశ్నలుంటాయి, క్వాంటిటేటివ్ కంపారిజన్ అంటారు. అందులో ఒకవైపు ఎక్స్, ఇంకోవైపు ఎక్స్ స్క్వేర్ ఇస్తారు. ఎక్స్ సున్నా కంటే పెద్దదని మాత్రమే చెబుతారు. నేను 2, 3 వేసి చూసి స్క్వేరే పెద్దదని పెట్టేశాను. అర వేస్తే స్క్వేర్ పావు అవుతుంది, చిన్నదైపోతుంది. కాబట్టి ఏది పెద్దదో తేల్చలేం అన్నదే జవాబు. ఈ ఒక్క రకంలోనే, ప్రశ్న పూర్తిగా చదవకుండా, 14 తప్పులు. ఒక్కో లెక్క మీద నాలుగైదు నిమిషాలు పంతం పట్టి కూర్చోవడం వల్ల చివర్లో వదిలేసినవి ఎనిమిది. మూడు కాలిక్యులేటర్‌లో అంకె తప్పు నొక్కినవి.

ఇప్పుడున్న పరీక్షలో ఆ పంతం కొంప ముంచుతుంది. 2023 సెప్టెంబర్ నుంచి జీఆర్ఈ రెండు గంటల లోపుకి తగ్గింది. క్వాంట్ మొదటి సెక్షన్‌లో 21 నిమిషాలకు 12 ప్రశ్నలే. అది ఎలా రాశామన్న దాన్నిబట్టే రెండో సెక్షన్ కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. తేలికది వస్తే సంబరపడేదాన్ని, స్కోరుకు అక్కడే కళ్లెం పడుతుందని తెలియక. సెక్షన్‌లో ప్రశ్నలన్నిటికీ విలువ ఒకటే, నెగటివ్ మార్కులు లేవు. రెండు నిమిషాల్లో దారి కనిపించకపోతే ఏదో ఒకటి పెట్టి, మార్క్ చేసి ముందుకు పోవడం నేర్చుకున్నాను. మనసొప్పడానికి మాత్రం వారం పట్టింది.

వెర్బల్ కథ వేరు. మెట్రోలో కార్డులు తిప్పుతూ 900 పదాలు బట్టీ పట్టాను. పరీక్షలో దెబ్బకొట్టినవి మాత్రం తెలిసిన పదాలే. ‘క్వాలిఫై’ అంటే అర్హత సాధించడమనే కదా మనకు తెలుసు. అక్కడ అన్న మాటకు హద్దులు పెట్టడమనే అర్థంలో వస్తుంది. ‘గెయిన్‌సే’లో లాభమేమీ లేదు, కాదనడమని అర్థం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని కాబట్టి ఒక అలవాటు చేసుకున్నాను. వాక్యంలో ఖాళీ పూరించమనే ప్రశ్నల్లో ఆప్షన్లను చేత్తో మూసి, అక్కడ ఏ మాట రావాలో ముందు తెలుగులో అనుకోవడం. వాక్యంలో ‘అయినా’ అనే అర్థమిచ్చే మాట ఉంటే ఖాళీలో ఎదురు మాట, ‘అందుకే’ ఉంటే అదే దారి.

తర్వాత రాసిన రెండు మాక్‌లలో 314, 317. అసలు పరీక్షలో 318, అంటే క్వాంట్ 166, వెర్బల్ 152. ఫొటో వేయించుకునేంత స్కోరేమీ కాదు, నాకు సరిపోయింది.

పరీక్ష ఫీజే 20 వేల పైన ఉంది. 21 రోజుల తేడాతో, 12 నెలల్లో ఐదుసార్లు రాయనిస్తారు. స్కోరు పెరగకపోతే మళ్లీ కట్టు, మళ్లీ రాయి అనే సలహా కూడా నేను విన్నాను. మా షెడ్డులో అది ఎన్ని రోజుల సంపాదనో ఆ సలహా ఇచ్చినాయనకు తెలియదు. కోచింగ్ సెంటర్ల వాళ్లు వారానికో మాక్ పెడుతున్నారు, సంతోషం. ఆ మర్నాడు ఒక గంట పిల్లల్ని కూర్చోబెట్టి తప్పులు విప్పించే క్లాసు టైమ్‌టేబుల్‌లో ఎందుకు ఉండదు?

మీకూ ఒక మనవి. చదువుల పేజీలో టాపర్ల ఇంటర్వ్యూలు వేస్తున్నారు, వేయండి. వాటి పక్కన వారానికి ఒక్క తప్పు లెక్క కూడా వేయండి, ఆ పిల్ల ఎక్కడ ఎందుకు తప్పిందో ఆమె మాటల్లోనే. మొదలుపెట్టడానికి కావాలంటే నా నోట్‌బుక్ పంపిస్తాను. రెండు పేజీల మీద గ్రీజు మరకలున్నాయి, సర్దుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ముషీరాబాద్, హైదరాబాద్