కొత్త చిన్న నాటికల గురించి దోస్తుకు ఒక ఉత్తరం

హనుమకొండ

ప్రియమైన దోస్తూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బస్టాండ్ లొల్లిలో సగం మాటలు వినబడలేదు గానీ, విషయం అర్థమైంది. మీ కరీంనగర్ డిగ్రీ పిల్లలతో ఏదైనా కొత్త నాటిక ఆడించాలనుకుంటున్నావు. గంట దాటకూడదు, సెట్‌కు డబ్బుల్లేవు. టీంలో అమ్మాయిలే ఎక్కువ, వాళ్లకేమో ఏడ్చే తల్లి పాత్రలు విసుగొచ్చేశాయి. ఇప్పటి రచయితలవి ఏమున్నాయో చెప్పమన్నావు కదా. ఫోన్‌లో చెబితే పేర్లు గుర్తుండవని రాస్తున్నా. తీరిగ్గా చదువు, నచ్చినవి పిల్లలకు చదివి వినిపించు.

ముందు నా మాట ఒకటి విను, ఎందుకంటే దాన్ని బట్టే ఈ నాటికలు ఎంచాను. మన పరిషత్తు పోటీల్లో ఆడే నాటికల్లో నటన బాగుంటుంది, లైటింగ్ బాగుంటుంది, కుర్రాళ్లు నెలల తరబడి రిహార్సల్ చేస్తారు. కానీ చాలా వాటిలో చివరి ఐదు నిమిషాల్లో ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, జనం వైపు తిరిగి, తప్పెవరిదో తేల్చేస్తాడు. చప్పట్లు మోగుతాయి, తెర పడుతుంది, ఇంటికెళ్లే దారిలో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. చిన్న నాటిక బలం తీర్పులో లేదురా. ఒకే ఒక్క పరిస్థితిని పట్టుకుని, దాన్ని చూసేవాళ్ల ఒళ్లో పెట్టి వెళ్లిపోవడంలో ఉంది. మనవాళ్లకు ఇది చేతకాక కాదు. గొల్లపూడి మారుతీరావు 'కళ్ళు' చూడు, గుడ్డి బిచ్చగాళ్లలో ఒకడికి చూపు వస్తే ఏమవుతుందన్న ఒక్క ప్రశ్న మీదే నాటికంతా నిలబడింది. అలాంటివే వెతికాను.

అన్నిటికంటే ముందు నువ్వు చదవాల్సింది 'ఎవ్రీ బ్రిలియంట్ థింగ్'. డంకన్ మాక్మిలన్ అనే ఇంగ్లండ్ రచయిత జానీ డోనహో అనే నటుడితో కలిసి తయారుచేశాడు, 2013లో మొదటిసారి ఆడారు. పాత్ర ఒక్కటే, ఆడైనా మగైనా చేయొచ్చు. ఏడేళ్ల పిల్లాడి తల్లి ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రిలో ఉంటుంది. బతకడానికి ఈ లోకంలో ఏమేం బాగున్నాయో అమ్మకు చూపించాలని వాడు ఒక జాబితా రాయడం మొదలుపెడతాడు. మొదటిది ఐస్‌క్రీమ్. వాడు పెరిగి పెద్దయ్యేకొద్దీ జాబితా కూడా పెరిగి లక్షల్లోకి పోతుంది. నాటకం మొదలవ్వకముందే నటుడు జనంలో తిరుగుతూ చీటీలు పంచుతాడు. తర్వాత అతను నంబర్ పిలిచినప్పుడల్లా ఆ చీటీ ఉన్నవాళ్లు అందులో ఉన్నది గట్టిగా చదవాలి. తండ్రి, లెక్చరర్, ప్రేమించిన మనిషి, వీళ్లందరినీ కూడా జనంలోంచే లేపి నిలబెడతాడు. హాల్లో లైట్లు ఆర్పరు. ఒకరి ముఖం ఒకరికి కనబడుతూనే ఉంటుంది.

ఇది మన దగ్గర ఎందుకు ఆడాలో నీకు నేను చెప్పక్కర్లేదు. హనుమకొండలో ఏ సందులోకి వెళ్లినా హాస్టల్ బోర్డు కనబడుతుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే మన రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వారం పేపర్ తెరవాలంటే చెయ్యి ఆడలేదు. ఈ విషయం మీద మనం ఆడిన నాటికల్లో తండ్రిని తిట్టడమో, కాలేజీని తిట్టడమో, చివర్లో శవం మీద పడి ఏడవడమో తప్ప, బతకడం గురించి మాట్లాడింది తక్కువ. ఈ రచయిత శవాన్ని చూపించడు. ఆత్మహత్యల గురించి పత్రికలు ఎంత జాగ్రత్తగా రాయాలో కూడా నాటకంలోనే చెప్పిస్తాడు. మనదేశంలో వివేక్ మదన్ అనే నటుడు దీన్ని ఆడాడు. తెలుగులోకి తెస్తే జాబితా మొత్తం మనదే అయిపోవాలి: మొదటి వానకు తడిసిన మట్టి వాసన, బతుకమ్మ నాడు అక్క కొత్త చీరె, సద్దుల రోజు మలీద ముద్ద, మేడారం పోయేటప్పుడు ట్రాక్టర్ ట్రాలీ మీద నిద్ర. నీ పిల్లలను కూర్చోబెట్టి రాయించు, ఒక సాయంత్రంలో నోట్‌బుక్ నింపేస్తారు. ఆడే రోజు మాత్రం హాల్లో ఒక కౌన్సిలర్ ఉండేలా చూడు. గోడ మీద మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలీ మానస్ నంబర్ 14416 పెద్ద అక్షరాలతో రాయించు. ఇది తప్పనిసరి అనుకో.

ఒక్కడే గంటసేపు నిలబెడితే మన జనం కూర్చుంటారా అని నీకు అనుమానం రావొచ్చు. మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రంతా కూర్చుని విన్న జనమే కదా మనది! ఒగ్గు కథకుడు ఒక్కడే రాజు, ఒక్కడే రాణి, మరుక్షణం గొర్రెల కాపరి. పక్కన డోలు, తాళాలు, 'ఔనా' అని అందుకునే వంతపాటగాళ్లు. జనగామ దిక్కు నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఆ కళను ఎంత దూరం తీసుకెళ్లాడో తెలుసు కదా. ఒక్క మనిషి అన్ని పాత్రలు వేయడం, జనంతో మాట్లాడటం మనకు కొత్త కాదు. నీ టీంలో డోలు పట్టే పిల్లాడు ఉంటే ఇంకేం కావాలి.

రెండోది మంజుల పద్మనాభన్ 'లైట్స్ అవుట్'. 1984లో రాసింది, అంటే మరీ కొత్తది కాదు, కానీ ఆ రచయిత్రి ఇప్పటికీ రాస్తోంది, నాటిక ఇవాళ్టికీ పాతబడలేదు. ముంబైలో ఒక మధ్యతరగతి ఫ్లాట్. పక్కన కడుతున్న బిల్డింగ్‌లోంచి రోజూ రాత్రి ఒక ఆడమనిషి అరుపులు వినబడుతుంటాయి. ఇంట్లో ఆడవాళ్లు పోలీసులకు చెబుదామంటారు. మగవాళ్లు అదేదో పూజేమో, దయ్యం వదిలిస్తున్నారేమో, మనకెందుకు అని చర్చ పెడతారు. నేరం ఎక్కడా స్టేజి మీద కనబడదు, అరుపులు మాత్రమే వినబడతాయి. కనబడేదల్లా భోజనాల ముందు కూర్చున్న చదువుకున్న మనుషులు. ఫ్రీడా అని ఒక పనిమనిషి ఉంటుంది, మొదటి నుంచి చివరి దాకా పని చేస్తూనే ఉంటుంది, ఒక్క మాట మాట్లాడదు, ఆమెను ఎవరూ ఏమీ అడగరు. నీ టీంలో అందరికంటే గట్టి నటి ఎవరో ఆమెకు ఆ పాత్ర ఇవ్వు. 1982లో ముంబై శాంతాక్రూజ్‌లో నిజంగా జరిగిన ఘటన మీద రాశారు దీన్ని. ఆడపాత్రలు మూడు, ఒక్కటి కూడా ఏడ్చే తల్లి కాదు. సోఫా, డైనింగ్ టేబుల్, ఒక కిటికీ ఉంటే సెట్ అయిపోయినట్టే. 'మనకెందుకురా బై, లేనిపోని లొల్లి' అని మన భాషలో ఒక మగపాత్ర అనగానే హాలంతా ఉలిక్కిపడుతుంది, చూడు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి గురించి. క్యారిల్ చర్చిల్, ఇంగ్లండ్ నాటక రచయిత్రి. 1938లో పుట్టిందామె, 80 దాటాక కూడా ఇంతింత చిన్న నాటికలు రాసింది, కుర్రవాళ్లు కూడా అంత ధైర్యంగా రాయలేదు. 2021లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో ఆడిన 'వాట్ ఇఫ్ ఇఫ్ ఓన్లీ' నిడివి దాదాపు 20 నిమిషాలే. ఆప్తులను పోగొట్టుకున్న ఒక మనిషి ఒంటరిగా కూర్చుని చనిపోయినవారితో మాట్లాడుతుంటే, జరగకుండా పోయిన భవిష్యత్తు ఒకటి దయ్యంలా వచ్చి నన్ను జరిగించు అని బతిమాలుతుంది. తర్వాత ఇంకా ఎన్నో భవిష్యత్తులు ముసురుకుంటాయి. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2012 నాటి 'లవ్ అండ్ ఇన్ఫర్మేషన్' ఇంకో రకం. యాభైకి పైగా చిన్న చిన్న సీన్లు, కొన్ని నిమిషం కూడా ఉండవు, పాత్రలు వందకు పైనే. ఏ డైలాగ్ ఎవరిదో రాయలేదు. మగా ఆడా, ముసలీ పడుచూ అన్నీ నువ్వే నిర్ణయించుకోవాలి. భాగాలు ఉన్న వరుసలోనే ఆడాలి గానీ ఒక్కో భాగం లోపల సీన్లను నీ ఇష్టం వచ్చిన వరుసలో పెట్టుకోవచ్చు. ఎక్కువమంది పిల్లలున్న టీంకు, డైరెక్షన్ నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు.

ఆమెదే 2009లో వచ్చిన 'సెవెన్ జ్యూయిష్ చిల్డ్రన్' కూడా ఉంది, గాజా మీద పది నిమిషాల నాటిక. యూదుల పట్ల అన్యాయంగా ఉందని దాని మీద పెద్ద వాదమే జరిగింది, ఆ వాదం కూడా చదువుకునే ఒక అభిప్రాయానికి రండి. నేను దాన్ని నీకు చెబుతున్నది దాని కట్టడం కోసం. పిల్లకు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అని పెద్దవాళ్లు మాట్లాడుకోవడమే నాటికంతా. ఆ పిల్ల ఒక్కసారి కూడా స్టేజి మీదకు రాదు. అది చదువుతుంటే నాకు మీ మిడ్ మానేరు డ్యాం ముంపు ఊళ్లు గుర్తొచ్చాయి. కొదురుపాక, చీర్లవంచ, చింతల్‌ఠాణా దిక్కు మనుషులు, పునరావాస కాలనీలో పుట్టిన మనవరాలికి నీళ్లకింది ఇంటి గురించి ఏం చెప్తారు? 'పైసలొచ్చినయని చెప్పుదామా?' 'ఎన్నొచ్చినయని అడిగితే?' 'బాయికాడి మామిడిచెట్టు సంగతి చెప్పుదాం.' 'వద్దు, చూపియ్యమంటది.' ఇది నేను రాయలేను, అక్కడి పిల్లలు రాయాలి. నీ టీంలో ముంపు ఊరి పిల్లలుంటే వాళ్ల అమ్మమ్మల దగ్గర కూర్చోబెట్టు. నీకు కావాల్సిన కొత్త నాటిక బహుశా అక్కడే దొరుకుతుంది.

'వైట్ రాబిట్ రెడ్ రాబిట్' గురించి ఎక్కువ చెప్పకూడదు. నసీమ్ సులేమాన్‌పూర్ అనే ఇరాన్ రచయితది. సైన్యంలో తప్పనిసరి కొలువు చేయనన్నందుకు అతనికి పాస్‌పోర్ట్ ఇవ్వలేదు, అందుకని తన బదులు నాటకాన్ని దేశాలు తిప్పాడు. రిహార్సల్ లేదు, డైరెక్టర్ లేడు. ప్రతి ప్రదర్శనకూ కొత్త నటుడు, స్టేజి మీదే కవరు చించి మొదటిసారి చదువుతాడు. నువ్వు స్వయంగా ఆడాలనుకుంటే దాన్ని చదవకు, ఇంకెవరితోనైనా చదివించి ఏర్పాట్లు చేయించుకో. అమెరికాలో సుజాన్-లోరీ పార్క్స్ 2002 నవంబర్ 13 నుంచి ఏడాదిపాటు రోజుకో నాటిక రాసింది, అందులో కొన్ని ఒకటి రెండు పేజీలే. అన్నీ గొప్పవని అనను. కానీ రాయడం నేర్చుకునే పిల్లలకు అవి చూపిస్తే భయం పోతుంది.

మనవాళ్ల దగ్గరకొస్తే, అజో-విభొ-కందాళం ఫౌండేషన్ వాళ్లు నడిపే కథానాటికల పోటీలు నాకు నచ్చుతాయి. మంచి కథను తీసుకుని నాటిక చేయించడం వాళ్ల పద్ధతి. కథలో అప్పటికే ఒక పరిస్థితి బిగిసి ఉంటుంది కాబట్టి ఉపన్యాసాలకు చోటు తక్కువ. మన ఉత్తర తెలంగాణలో కథకులకు కొదవ లేదు, సిరిసిల్ల మగ్గాల మీద, గల్ఫ్ పోయినవాళ్ల మీద, సింగరేణి మీద ఎన్ని కథలు వచ్చాయో! రచయితను కలిసి, అడిగి, ఒప్పించి చేయండి. అడగకుండా ఆడేసి, తర్వాత పేరు కూడా చెప్పని టీంలను నేను చూశాను, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

బయటి నాటికలకూ ఇదే వర్తిస్తుంది. పుస్తకం మొదటి పేజీల్లో ప్రదర్శన హక్కుల కోసం ఎవరికి రాయాలో ఉంటుంది. అనువాదానికి వేరుగా అడగాలి. రిహార్సల్ మొదలుపెట్టాక కాదు, ముందే మెయిల్ పెట్టు. తెలుగు చేసేటప్పుడు దయచేసి పుస్తకాల భాష వద్దు. సెప్టెంబర్ 9న కాళోజీ పేరు మీద భాషా దినోత్సవం చేసుకునే మనం స్టేజి ఎక్కగానే ఎవరి భాషో మాట్లాడితే ఎలా? ఇంట్లో వాళ్ల అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడమను.

హాలు విషయం. 2024 నవంబర్‌లో ఇక్కడ హనుమకొండ బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు, చాలా బాగుంది, అందులో ఆడాలని మీ పిల్లలకు కోరిక ఉండటం సహజమే. కానీ ఈ నాటికలకు అంత పెద్ద హాలు సరిపడదు. 'ఎవ్రీ బ్రిలియంట్ థింగ్' అయితే చుట్టూ కుర్చీలు వేసిన కాలేజీ గదిలోనే బాగుంటుంది. 'లైట్స్ అవుట్' ఒక్కటి ఇక్కడి పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణంలో పెట్టొచ్చు.

'లైట్స్ అవుట్', చర్చిల్ పుస్తకం రెండూ నా దగ్గర ఉన్నాయి. వచ్చే ఆదివారం కరీంనగర్ వస్తున్నా, తెస్తా. పిల్లలను పొద్దున పదింటికల్లా పిలిచి ఉంచు, ముందు అందరం కలిసి గట్టిగా చదువుదాం, పాత్రలు తర్వాత పంచుకోవచ్చు. చెల్లెను అడిగానని చెప్పు, మధ్యాహ్నం అన్నం మీ ఇంట్లోనే.

ఇట్లు,
నీ దోస్తు