బ్రేకర్ పడిందంటే తప్పు మా వైరింగుదేనా? విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యుత్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మోటార్లు, ప్యానెల్ బోర్డులు రిపేరు చేసుకుని బతికేవాణ్ణి. మా ఫీడరు (మాకు కరెంటు తెచ్చే లైను) మీద రాత్రిళ్లు వోల్టేజీ పెరిగి, ఛార్జ్ నిలవ ఉంచే కెపాసిటర్లు కాలిపోతున్నాయి, కరెంటు మితిమీరితే లైను విడగొట్టే బ్రేకర్లు పడిపోతున్నాయి. ఈ సంగతి మీ శాఖకు కొత్త కాదు కాబట్టి మొదటి నుంచీ చెప్పుకురాను. మేమిచ్చిన అర్జీలకు రసీదులున్నాయి. జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: "లోపం మీ లోపలి వైరింగులో ఉంది, మంచి ఎలక్ట్రీషియన్‌కి చూపించుకోండి." అయ్యా, అర్జీలు పెట్టినవాళ్లందరూ చూపించుకుంటున్నది నాకే. నేను చూశాను. చూసింది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వినియోగదారుల సమావేశంలో మీ అధికారులు అందరి ముందూ ఒక మాట ఇచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ రికార్డర్ పెడతామని, రాత్రీ పగలూ రీడింగులు తీయిస్తామని, ఆ కాగితం మా చేతికే ఇస్తామని చెప్పారు. రికార్డర్ రాలేదు, కాగితమూ రాలేదు. ఒక లైన్‌మన్ వచ్చారు. మిట్టమధ్యాహ్నం మీటరు పెట్టి చూసి, వోల్టేజీ సరిగ్గానే ఉందని రాసుకుని వెళ్లిపోయారు. మధ్యాహ్నం సరిగ్గానే ఉంటుందండీ. లోడు నిండా ఉన్నప్పుడు ఎందుకు పెరుగుతుంది? మా సామాను కాలిపోయేది అర్ధరాత్రి దాటాక, మోటార్లన్నీ ఆగిపోయి లైను ఖాళీగా ఉన్నప్పుడు. ఆ వేళలో చూడమనే కదా మేం అడిగింది.

కాలిపోయిన కెపాసిటర్‌ని మీరు ఎప్పుడైనా విప్పి చూశారా, మంత్రి గారూ? ప్యానెల్లో వాడే రకం అల్యూమినియం డబ్బాలో ఉంటుంది. లోపల చుట్టగా చుట్టిన ప్లాస్టిక్ ఫిల్మ్, దాని మీద అంతకన్నా పల్చటి లోహపు పూత. ఫిల్మ్ మందం కొన్ని మైక్రాన్లే. వోల్టేజీ మితిమీరినప్పుడు ఫిల్మ్ ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ చిల్లు పడుతుంది. ఆ క్షణంలోనే చిల్లు చుట్టూ ఉన్న పూత ఆవిరైపోతుంది, దెబ్బతిన్న చోటు మిగతా పూత నుంచి విడిపోతుంది, కెపాసిటర్ మళ్లీ పనిచేస్తుంది. సెల్ఫ్ హీలింగ్ అంటారు దీన్ని. చుట్ట విప్పి వెలుతురుకు పెడితే వెండి రంగు పూత మధ్య ఆ చోట్లు గుండ్రంగా, పూత లేని గాజులా తేట చుక్కలై కనిపిస్తాయి. సరైన వోల్టేజీ మీద నడిచినదాంట్లో ఇవి అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. మా ఫీడరు మీద నుంచి వచ్చేవాటిలో లెక్కపెట్టడం నా వల్ల కాదు. చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఫిల్మ్ కరిగి, పొరలు అట్టకట్టి ఉంటాయి. ప్రతి చిల్లుకీ కాస్త గ్యాస్ పుడుతుంది, దాంతో మూత ఉబ్బుతుంది. మంచి తయారీ అయితే ఆ ఉబ్బుకే లోపలి తీగ తెగిపోయి కరెంటు ఆగుతుంది. ఆ తీగ తెగకముందే పొరలు కరిగి అతుక్కుపోతే, షార్ట్ అయ్యిందంటామే, అది ఇదే. అది వైరింగులో పుట్టిన జబ్బు కాదు. వోల్టేజీ కొట్టిన దెబ్బ ఫిల్మ్ మీద రాసి పెట్టి ఉంటుంది.

ఈ కెపాసిటర్లు ఎంత తట్టుకోవాలో ఐఈసీ 60831 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంది. రేటింగు మీద 10 శాతం ఎక్కువైతే రోజుకు 8 గంటలు, 15 శాతం అయితే 30 నిమిషాలు, 20 శాతం అయితే 5 నిమిషాలు, 30 శాతం అయితే ఒక్క నిమిషం. అంతకుమించి ఓర్చుకోమని ఏ తయారీదారుణ్ణీ అడగలేం. పైగా కెపాసిటర్ తీసుకునే కేవీఏఆర్, అంటే పని చేయకుండా లైనులో అటూ ఇటూ తిరిగే పవర్, వోల్టేజీకి వర్గంగా పెరుగుతుంది. వోల్టేజీ 10 శాతం పెరిగితే అది 21 శాతం పెరుగుతుంది, లోపల పుట్టే వేడి కూడా దాంతోపాటే. మా దగ్గర ఎంత పెరుగుతోందో, ఎన్ని గంటలు ఉంటోందో చెప్పగలిగేది ఆ రికార్డర్ ఒక్కటే.

ఇప్పుడు బ్రేకర్ సంగతి. "ఎంసీబీ ఊరికే పడిపోతోందంటే అది పాడైందన్నమాట, మార్చండి" అంటున్నారు మీ సిబ్బంది. ఎంసీబీకి, అంటే బోర్డులో ఉండే ఈ చిన్న బ్రేకర్‌కి, వోల్టేజీ తెలియదండీ. దానికి తెలిసింది కరెంటు ఒక్కటే. లోపల రెండు లోహాల పట్టీ ఉంటుంది, ఓవర్‌లోడుకు అది మెల్లగా వేడెక్కి వంగి విడగొడుతుంది. పక్కనే ఒక కాయిల్ ఉంటుంది, షార్ట్ సర్క్యూట్ వస్తే అది రెప్పపాటులో కొడుతుంది. సీ రకం బ్రేకర్లో ఆ కాయిల్ దాని రేటింగుకు 5 నుంచి 10 రెట్ల కరెంటుకు పనిచేస్తుంది. వోల్టేజీ 230 నుంచి 300కి పోయినా బ్రేకర్‌కి తెలియదు, కెపాసిటర్ షార్ట్ అయ్యి కరెంటు ఎగబాకాకే తెలుస్తుంది. అప్పుడది పడుతుంది. అది చేయాల్సిన పనే అది చేసింది. దాన్ని మార్చి ఏం లాభం? జ్వరం తగ్గలేదని థర్మామీటర్ మార్చినట్టు ఉంటుంది.

300 అన్నది నోటికొచ్చినట్టు అన్న మాట కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ (ఇళ్లన్నిటి కరెంటూ తిరిగి వచ్చే ఉమ్మడి తీగ) బోల్టు వదులైందని ఎన్ని అర్జీల్లో రాశామో మీ రికార్డులే చెబుతాయి. కింద నిలబడి చూసినా కనిపిస్తుంది, తీగ చివర బిగించే లగ్గు నల్లబడి, చుట్టూ తెల్లటి పొడి పట్టి, గాలికి తీగ ఊగినప్పుడల్లా చిన్న మెరుపు. ఆ న్యూట్రల్ తెగిందంటే ఒక ఫేజు మీది ఇల్లూ ఇంకో ఫేజు మీది ఇల్లూ ఆ రెండు ఫేజుల నడుమ ఉండే 400 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి వేలాడినట్టే. మూడో ఫేజు మీద లోడు లేదనుకోండి. ఒక పక్క 1 కిలోవాట్ హీటరు, ఇంకో పక్క 3 కిలోవాట్ల హీటర్లు ఉంటే, తక్కువ లోడు ఉన్నవాళ్లకు 300 వోల్టులు, ఎక్కువ లోడు ఉన్నవాళ్లకు 100 వోల్టులు. కరెంటు పొదుపుగా వాడుకునే ఇంటికే పెద్ద దెబ్బ!

ఆ 300 లోపలికి పోయి ఏం చేస్తుందో కూడా చూడండి. టీవీ, కంప్యూటర్, ఛార్జర్, దేంట్లో అయినా కరెంటును డీసీ చేశాక నిలవ పెట్టే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఒకటి ఉంటుంది. 230 వోల్టుల ఏసీకి దాని మీద దాదాపు 325 వోల్టుల డీసీ పడుతుంది. అందుకే సాధారణంగా 400 వోల్టులది వేస్తారు. 300 ఏసీ వస్తే అది 424 అవుతుంది. దాన్లో అడ్డుగోడగా ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ పొర, అది తట్టుకోలేదు. లీకేజీ పెరిగి, లోపలి ద్రవం మరిగి, నెత్తి మీది గాటు దగ్గర పగిలి ఆవిరి చిమ్ముతుంది. లేదంటే లోపలే షార్ట్ అయ్యి ఫ్యూజునో బ్రేకరునో పడగొడుతుంది. ఒకే రాత్రి ఒకే వరుసలో ఇన్ని ఇళ్లలో ఇవి పేలితే, ఇన్ని ఇళ్ల వైరింగూ ఒకేసారి చెడిపోయిందని ఎలా రాశారండీ మీ అధికారులు? రాసిన చెయ్యి ఒక్కసారైనా ఆ బోల్టు దాకా పోలేదే!

కరెంటు పోవడం కన్నా పోయి వెంటనే రావడం మాకు ఎక్కువ హాని చేస్తోంది. లైను ట్రిప్ అయితే సబ్‌స్టేషన్ నుంచి క్షణాల్లో మళ్లీ వేస్తారు, నిలవకపోతే ఇంకోసారి వేస్తారు. కెపాసిటర్లో ఉన్న ఛార్జ్ అంత తొందరగా దిగదు. 75 వోల్టుల కిందికి దిగడానికి 3 నిమిషాల దాకా గడువిస్తుంది ఇందాక చెప్పిన ప్రమాణమే. నిండా ఛార్జ్ ఉన్న కెపాసిటర్ మీదికి సప్లై ఎదురు దిక్కులో వచ్చి పడితే ఆ తేడా మామూలు పీక్‌కు, అంటే వోల్టేజీ ఎక్కే గరిష్ఠానికి, దాదాపు రెట్టింపు. కరెంటు ఒక్క ఉదుటున ఎగుస్తుంది, కెపాసిటర్‌ని లైనుకు కలిపే కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోతాయి, ఫిల్మ్ చిల్లులు పడుతుంది, మెయిన్ బ్రేకర్ పడుతుంది. కరెంటు వచ్చిన వెంటనే కెపాసిటర్ కలవకుండా మేం టైమర్లు పెట్టుకుంటున్నాం. మీరు కూడా కాస్త ఆగి వేయమని చెప్పలేరా?

ఇక మీ పవర్ ఫ్యాక్టర్ (లైను నుంచి లాగే పవర్‌లో నిజంగా పనికొచ్చే వంతు) సర్క్యులర్. ప్రతివాళ్లూ కెపాసిటర్లు పెట్టాల్సిందే, లేదంటే పెనాల్టీ అన్నారు. పెట్టాం. కాదనలేదు, పవర్ ఫ్యాక్టర్ బాగుపడితే లైనుకూ మంచిదే. కానీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరివీ కలిపి ఎంత అవుతుందో లెక్క చూసినవాళ్లు ఎవరు? 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 4 శాతం ఇంపీడెన్స్ (కరెంటుకు దాని లోపలి అడ్డు) అనుకోండి. దాని కింద 125 కేవీఏఆర్ చేరితే ఆ రెండూ కలిసి దాదాపు 350 హెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్‌కి, అంటే ఒకదాన్నొకటి ఊపుకునే స్థితికి, వస్తాయి. మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవుల నుంచి పుట్టే 7వ హార్మోనిక్, అంటే 50 హెర్ట్జ్ సప్లైకి 7 రెట్ల వేగంతో ఊగే అదనపు కరెంటు, సరిగ్గా అక్కడే ఉంటుంది. అంతే, ఆ హార్మోనిక్ అక్కడ ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన మోటారు తిరగకపోయినా, పక్కవాళ్ల డ్రైవు నడుస్తుంటే చాలు, కెపాసిటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, బ్రేకర్ పడుతుంది. సంగతి తెలియనివాళ్లకు అది ఊరికే పడినట్టే ఉంటుంది. పైగా రాత్రి లోడు లేనప్పుడు కూడా ఈ ఫిక్స్‌డ్ కెపాసిటర్లు లైనులోనే ఉంటే, ఆ 125 కేవీఏఆర్ ఒక్కటే వోల్టేజీని ఇంకో 2 శాతం పైకి నెడుతుంది. అసలే పెరిగిన వోల్టేజీ మీద ఇదొకటి. లోడును బట్టి కెపాసిటర్లను కలిపే, తీసేసే ఆటోమేటిక్ రిలే ఉండాలని, హార్మోనిక్స్ ఉన్నచోట వాటిని అడ్డుకునే 7 శాతం రియాక్టర్ (కాయిల్) కలిపి, దానికి తగ్గ ఎక్కువ వోల్టేజీ కెపాసిటర్ వేయాలని ఆ సర్క్యులర్లో ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంత సామాను మిగిలేది! పెట్టమని చెప్పినవాళ్లు ఎలా పెట్టాలో కూడా చెప్పాలి కదండీ.

లో వోల్టేజీ గురించి ఎక్కువ రాయను, అది మీకు తెలియనిది కాదు. 230 ఉండాల్సిన చోట 180 వస్తే మోటారు స్టార్టింగ్ బలం 61 శాతానికి పడిపోతుంది. వేగం అందుకోలేక, స్టార్టింగ్ కరెంటు లాగుతూనే ఉండి, థర్మల్ పట్టీ వేడెక్కి బ్రేకర్ పడుతుంది. సింగిల్ ఫేజ్ మోటార్లో కెపాసిటర్ ముందే నీరసపడి ఉంటే అసలు కదలనే కదలదు.

నన్ను అన్నిటికన్నా భయపెడుతున్నది ఇంకొకటి ఉంది. "16 పడిపోతుంటే 32 వేసుకోండి, గొడవ ఉండదు" అని మీ సిబ్బందే చెబుతున్నారు, జనం వింటున్నారు. 32 ఆంపియర్ల ఎంసీబీ 36 ఆంపియర్ల దాకా గంటసేపు పడకూడదు. 46 ఆంపియర్లు పోతున్నా పడటానికి గంట దాకా గడువుంది. అది బ్రేకర్ లోపం కాదు, ప్రమాణమే అంత. గోడలో ఉన్నది 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. ఆ గంటలో ఆ తీగ గతేమిటి? పీవీసీ మెత్తబడి కరుగుతుంది, అక్కడి నుంచి నిప్పే. బ్రేకర్ పడటం చికాకే, కాదనను. పడాల్సినప్పుడు పడకపోతే పోయేది సామాను కాదు, మనుషులు. దయచేసి ఈ సలహా ఇవ్వొద్దని మీ సిబ్బందికి ఈరోజే చెప్పండి. ఇంకే విషయం వినకపోయినా ఇదొక్కటి వినండి.

తప్పంతా మీ శాఖదే అని నేననడం లేదు. టెర్మినల్ స్క్రూ వదులై, ఆ వేడికే బ్రేకర్ పడే ఇళ్లు ఉన్నాయి. ఎంసీబీ రేటింగు 30 డిగ్రీలకు లెక్కకట్టింది. గాలాడని పెట్టెలో పక్కపక్కన కుక్కేస్తే ముందే పడుతుంది. చవక కెపాసిటర్లు కొనేవాళ్లున్నారు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకర్ ఒక్కదాని మీదే ఇంట్లోని ఎలక్ట్రానిక్ సామానంతా వేస్తే, ఒక్కోదాని ఫిల్టర్ కెపాసిటర్ నుంచి ఎర్త్‌కి పోయే కాస్త కాస్త కరెంటూ కలిసి దాన్ని పడగొడుతుంది. 15 దాటాక అది ఎప్పుడైనా పడొచ్చు. ఇవన్నీ మా వైపువే, మేం సరిచేసుకుంటాం, చేస్తూనే ఉన్నాం. మీ వైపుది మేం ముట్టుకోలేం. ముట్టుకుంటే నేరం కూడా. అందుకే అడుగుతున్నాం, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నాం.

అయ్యా, రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్రలేక మెయిన్ ఆఫ్ చేసి పడుకుంటున్నవాళ్లున్నారు. కరెంటు బిల్లు కట్టి, కరెంటు వస్తుందని భయపడే పరిస్థితి ఎవరికీ రాకూడదు. కొత్త లైన్లు అడగడం లేదు, నష్టపరిహారం కూడా ఈ ఉత్తరంలో అడగడం లేదు. ముందు ఆ న్యూట్రల్ బోల్టు విప్పి, శుభ్రం చేసి, సరైన లగ్గు వేసి బిగించమనండి, న్యూట్రల్ ఎర్తింగ్ కూడా చూడమనండి. దీనికి ఏ ఫైలూ కదలక్కర్లేదు. మీరిస్తామన్న రికార్డర్ పెట్టించి, వారం పాటు, రాత్రిళ్లతో సహా 10 నిమిషాలకొక రీడింగు తీయించండి. ఆ కాగితం మాకు ఇవ్వండి. వోల్టేజీ ఎక్కువని తేలితే, సప్లై ఆపి, వోల్టేజీని సర్దే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఒక మెట్టు మార్చమనండి. ట్రిప్ అయిన లైను వెంటనే వేయకుండా ఆగమనండి. సర్క్యులర్ సరిచేసి పంపండి.

ఆ కాగితంలో వోల్టేజీ సరిగ్గా ఉందని తేలితే నేనే ఇంటింటికీ వెళ్లి లోపం మనదేనని చెబుతాను. కానీ ముందు కాగితం చూపించండి. మధ్యాహ్నం తీసిన ఒక్క రీడింగు కాదు, రాత్రిది చూపించండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న వినియోగదారుల తరఫున,
ఒక ప్యానెల్ బోర్డు మెకానిక్