మా అమ్మాయికి తెలుగు అక్షరాలు దిద్దించిన బడికి కృతజ్ఞతలు

మా నాన్న వరంగల్ అజంజాహి మిల్లు కార్మికుడు. మిల్లు చితికిపోయాక నేను సూరత్ వెళ్లి మరమగ్గాల మీద పనిచేశాను. గత జూన్‌లో భార్యాబిడ్డలతో సొంతూరు చేరాను. పదమూడేళ్ల మా అమ్మాయి అక్కడ ఏడో తరగతి దాకా గుజరాతీ మాధ్యమంలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది కానీ, ఒక్క అక్షరం చదవలేదు. ఇక్కడేమో 2018 చట్టం ప్రకారం పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి.

మొదట వెళ్లిన ఒక బడిలో, అయిదో తరగతిలో అయితే చేర్చుకుంటామన్నారు. ఆ రాత్రి అమ్మాయి అన్నం ముట్టలేదు. తరువాత మా వాడలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లి, టీసీ ఇంకా రాలేదని భయపడుతూనే చెప్పాను. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని, వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టంలో ఉందని ప్రధానోపాధ్యాయురాలు ఓపికగా వివరించారు. ఎనిమిదిలో చేర్చుకున్నారు. అమ్మా, ఆ రోజు మీరు నన్ను కూర్చోమని కుర్చీ చూపించారు. అది కూడా నాకు గుర్తుంది.

తెలుగు టీచర్ గారు మొదటి రోజు ‘నీకు వచ్చిన అక్షరాలే రాయి’ అన్నారట. అమ్మాయి గుజరాతీలో క, ఖ, గ, ఘ రాస్తే, ఒక్కొక్కదాని కింద తెలుగు అక్షరం రాయించారు. రెండు భాషల్లోనూ హల్లుల వరుస ఒకటే కాబట్టి అవి త్వరగానే పట్టుబడ్డాయి. చిక్కంతా ఎ, ఏ, ఒ, ఓ దగ్గర. గుజరాతీ రాతలో ఆ హ్రస్వ దీర్ఘాల తేడా ఉండదు. అందుకే ‘మెడ’, ‘మేడ’ రెండూ ఒకేలా రాసేది. బడి విడిచాక రోజూ అరగంట, దసరా సెలవుల దాకా, టీచర్ గారు దగ్గర కూర్చుని దిద్దించారు. పైసా తీసుకోలేదు.

తోటి పిల్లలకూ కృతజ్ఞతలు. సెలవుల ముందు బడిలో బతుకమ్మ ఆడినప్పుడు మా అమ్మాయిని చేయి పట్టి లాక్కెళ్లారు. పాట రాకపోయినా, గర్బా ఆడిన పిల్ల కనుక వలయంలో చప్పట్లు తప్పలేదు. మరునాడు గర్బా నేర్పమని వాళ్లే అడిగారు.

ఇప్పుడు ఏడో తరగతిలో సూరత్ నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు చేరాడట. మా అమ్మాయి దగ్గరున్న గుజరాతీ వాచకం కావాలని టీచర్ గారు కబురు పంపారు. సోమవారం ఇచ్చి వస్తాను.